ముందు చక్రం గురించి ప్రార్థన మనవి

సైకిల్‌కి తాళం ఎలా వెయ్యాలో ఇప్పుడు నన్నడిగితే అరగంట చెప్పగలను. వెనక చక్రానికి ఉండే బుల్లి తాళం తాళమే కాదు, అది మన తృప్తి కోసం వేసుకునేది. గొలుసు పొడవుగా ఉండాలి. ముందు చక్రం పుల్లల్లోంచి దూరి, ఫ్రేము చుట్టూ తిరిగి, వెనక చక్రాన్ని కూడా పట్టుకుని, ఆ తర్వాత కిటికీ కమ్మీకో స్తంభానికో చేరాలి. అందులో ఏది వదిలేస్తే అది దొంగ వాటా. ఇదంతా నాకు అప్పట్లో తెలియదు. వెనక చక్రాన్నీ ఫ్రేమునీ కలిపి కిటికీకి కట్టి, ముందు చక్రాన్ని దేవుడికి వదిలేశాను. దేవుడి కన్నా ముందు మా సంఘపెద్ద వచ్చాడు.

నా పేరు రెబెక్కా. కొవ్వూరుకి దిగువన కాలవ పక్కన మా ఊరు. నేను అంగన్‌వాడీ టీచర్ని. నా సెంటరు మా ఊళ్ళో కాదు, గట్టు మీద నాలుగు కిలోమీటర్లు పోతే వచ్చే పేటలో ఉంది. ఆ గట్టు మీద బస్సు లేదు, ఆటో నిండితే గాని కదలదు. ఉదయం తొమ్మిదింటికల్లా సెంటర్లో నిలబడి ఫోన్‌కి ముఖం చూపించాలి. తొమ్మిదీ ఒకటికి చూపిస్తే ఆలస్యమని పడిపోతుంది. మనిషికైతే నచ్చజెప్పుకోవచ్చు, ఫోన్‌కి ఏం చెబుతాం?

ఆ బుధవారం తెల్లారి తలుపు తీసేసరికి నా సైకిల్ ముక్కు నేలకి ఆనించి ఉంది. ముందు చక్రం లేదు. ఫోర్కు కింద మట్టిలో రెండు మోకాళ్ళ గుర్తులు, వాటి పక్కన ఒక కాగితం కవరు కనిపించాయి. కవరు తీసి చూస్తే మా చర్చిలో నెలనెలా కానుక వేసి ఇచ్చే కవరు. పైన ఎర్ర సిరాతో పదిహేడు అని ఉంది. మా సంఘంలో ప్రతి కుటుంబానికీ ఒక నంబరు. పదిహేడు యెహెజ్కేలుగారి కుటుంబానిది. వంగి నట్లు విప్పుతుంటే చొక్కా జేబులోంచి జారిపోయి ఉంటుంది. దొంగతనానికి పోతూ కూడా కానుక కవరు జేబులో పెట్టుకుపోయే భక్తి ఆయనది.

మా చర్చి సంఘపెద్ద యెహెజ్కేలుగారు సహకార సంఘంలో గుమస్తాగా రిటైరయ్యాడు. భార్య పోయింది. కొడుకూ, కోడలు మెర్సీ, మనవడూ ఆయనతోనే ఉంటారు. ఆ మెర్సీ నా సెంటర్లోనే ఆయాగా చేస్తుంది. టీచర్ పోతే ఆ ఉద్యోగం ముందు ఆయాకే వస్తుందని ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. ‘మా కోడలు ఇంటర్ పాసయ్యి గిన్నెలు కడుగుతోంది’ అని ఆయన మూడేళ్ళుగా కనపడ్డవాళ్ళందరి దగ్గరా బాధపడుతున్నాడు. నేను ఆయన్ని ‘గారు’ అంటున్నానంటే అది అలవాటు. గౌరవమని ఎవరూ అనుకోవద్దు.

ఆ రోజు ఆటో నిండుతుందేమోనని తొమ్మిది దాకా కూర్చుని, ఆఖరికి పరుగూ నడకా కలిపి పోతే తొమ్మిదీ నలభై అయింది. మెర్సీ ఆ వారం సెలవులో ఉంది, పిల్లాడికి జ్వరమని. తలుపు తీసే దిక్కు లేక పద్నాలుగు మంది పిల్లలు మెట్ల మీద కూర్చున్నారు. సరిగ్గా అదే రోజు సూపర్‌వైజర్ మేడమ్ వచ్చి అక్కడే నిలబడింది. “ఎవరో ఫోన్ చేసి మీరు రోజూ ఆలస్యంగా వస్తారని చెప్పారండి. నేను నమ్మలేదు. ఇప్పుడు కళ్ళారా చూశాను కాబట్టి రాసుకోక తప్పదు. మూడోసారి అయితే పైకి పంపించేస్తాను” అంది. ఆ ఫోన్ ఎవరు చేశారో నన్ను అడగక్కర్లేదు.

ఆదివారానికి మా ఆయన చిట్టియ్య తుని నుంచి వచ్చాడు. అక్కడ బియ్యం మిల్లులో పని చేస్తాడు, వారానికొకసారి వస్తాడు. సంగతంతా విని, కవరు అటూ ఇటూ తిప్పి చూసి, “పోనీవే. పాత చక్రం ఒకటి కొని పడేద్దాం. పెద్దమనిషితో గొడవెందుకు?” అన్నాడు.

“కొనను” అన్నాను.

“మరి పాస్టరుగారికి చెప్పు.”

“చెబితే ఏమవుతుందండి? ఇద్దర్నీ కూర్చోబెట్టి, తలల మీద చేతులు పెట్టి ప్రార్థన చేసి, చేతులు కలపమంటారు. ఆయన రెండు కన్నీటి చుక్కలు రాలుస్తాడు. నేను క్షమించానని చెప్పాలి. అయిపోయింది. ఆయనకి చెమట కూడా పట్టదు.”

“నీకేం కావాలి మరి?”

“చెమట పట్టాలి” అన్నాను. చిట్టియ్య కవరు మడిచి నా చేతికిచ్చాడు. పెళ్ళై పాతికేళ్ళయింది, నా కోపం సంగతి అతనికి తెలుసు.

సోమవారం నుంచి నడక మొదలుపెట్టాను. ఏడున్నరకి బయల్దేరితే తొమ్మిదికి పది నిమిషాల ముందు చేరవచ్చు. గట్టు ఎక్కడానికి దగ్గర దారి ఉంది గాని నేను చుట్టూ తిరిగి యెహెజ్కేలుగారి ఇంటి మీదుగా వెళ్ళేదాన్ని. ఆ వేళకి ఆయన వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతూ ఉంటాడు. గేటు దగ్గర ఆగి, చెప్పులో రాయి దులుపుకున్నట్టు దులుపుకుని, “వందనాలండి” అనేదాన్ని. పేపరు కిందకి దిగేది కాదు. “వందనాలమ్మా” అని పేపరు వెనక నుంచే వచ్చేది. మూడో వారానికి ఆయన కుర్చీ లోపలికి మార్చేశాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి వందనాలు చెప్పాను.

ఇక ఆదివారాల సంగతి. మా చర్చిలో ప్రసంగానికి ముందు ప్రార్థన మనవులు చదువుతారు. ఒంట్లో బాగాలేనివాళ్ళు, పరీక్షలు రాసేవాళ్ళు, సంబంధాలు కుదరనివాళ్ళు చీటీ రాసి పళ్ళెంలో వేస్తే పాస్టరుగారు పైకి చదువుతారు, సంఘమంతా ఆమెన్ అంటుంది. ఏ మనవైనా చదవాల్సిందే, కాదనడానికి లేదు. మొదటి ఆదివారం నేను మర్యాదగానే రాశాను. “సహోదరి రెబెక్కా సైకిల్ ముందు చక్రం పోయినది. తీసుకొన్నవారి మనసు కరగవలెనని” అని పాస్టరుగారు చదివారు. సంఘమంతా ఆమెన్ అంది. అందరికన్నా గట్టిగా అన్నది మగవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చున్న యెహెజ్కేలుగారు. నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు మొహం పెట్టాడు.

రెండో ఆదివారం నేను ఇంకొంచెం వివరంగా రాశాను. పాస్టరుగారు చీటీ విప్పి, ఒక్క క్షణం తడబడి, “తీసుకొన్నవారికి రాత్రివేళ మంచి విశ్రాంతి కలుగవలెనని” అని చదివేశారు. నేను లేచి నిలబడ్డాను. “పాస్టరుగారూ, విశ్రాంతి అని రాయలేదండి. నిద్ర పట్టకూడదని రాశాను.” ఆడవాళ్ళ వైపు ఎవరో పైట నోట్లో కుక్కుకున్నారు. పాస్టరుగారు మళ్ళీ చదివారు. ఆమెన్ అని సంఘం అంది. ఈసారి యెహెజ్కేలుగారి ఆమెన్ నాకు వినపడలేదు.

మూడో ఆదివారానికి ఇంకో దెబ్బ తిన్నాను. శుక్రవారం గట్టు మీద కోతమిషను అడ్డంగా దిగబడిపోతే పొలంలోకి దిగి, బురదలో పడి లేచి పోయేసరికి తొమ్మిదీ పది. రెండోసారి పడింది. ఇంకొక్కటి మిగిలింది. ఆ రాత్రి చిట్టియ్య ఫోన్‌లో బతిమాలాడు. “ఉద్యోగం పోతే నీ పంతం కూరొండుకుని తింటామా? చక్రం కొనుక్కో.” అతను చెప్పింది నిజమే. పన్నెండేళ్ళు చేసిన ఉద్యోగం అది. నాకూ భయం వేసింది. కానీ భయపడే కొద్దీ కోపం ఎక్కువైంది. కొత్త చక్రం బిగించుకున్న రోజున ఆయన చేసిన పని మాఫీ అయిపోతుంది కదా అనిపించింది. ఆ వారం మనవిలో ఇలా రాశాను: ఆ మనిషి మోకాళ్ళు వంగినప్పుడల్లా ఆ రాత్రి చేసిన పని గుర్తుకు రావాలి. మా సంఘంలో మోకాళ్ళ నొప్పులకి తైలం రాసుకుని గుమగుమలాడేది ఎవరో అందరికీ తెలుసు. ఆ రోజు ప్రార్థనకి మోకరించినప్పుడు యెహెజ్కేలుగారు దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా దిగాడు.

మెర్సీతో కూడా నేను మంచిగా లేను. అదీ చెప్పాలి. సెలవు అయిపోయి వచ్చిన రోజు నుంచి ఆ పిల్ల నా ముఖంలోకి చూడలేదు. గుడ్లు ఉడకబెట్టు, రికార్డు ఇలా ఇయ్యి, అంతే మా మాటలు. ఇంట్లో ఉన్న దొంగసొత్తు సంగతి కోడలికి తెలియకుండా ఉంటుందా, పదవి వచ్చేది ఆమెకేగా అనుకున్నాను. ఒకసారి నేను చెమటలు కక్కుతూ వచ్చి కూర్చుంటే మంచినీళ్ళు తెచ్చింది. తాగకుండా పక్కన పెట్టాను.

నాలుగో ఆదివారం నేను చీటీ రాయలేదు. మనవులు అయ్యాక లేచి, “పాస్టరుగారూ, నా చక్రం ఎవరు తీశారో నాకు ఒక నంబరు ద్వారా తెలిసిందండి. వచ్చే ఆదివారం ఇక్కడే చెప్తాను” అన్నాను. వచ్చే ఆదివారం కోతపండుగ. ఊరు ఊరంతా ఉంటుంది, ఇతర ఊళ్ళ నుంచి చుట్టాలు కూడా వస్తారు. నేను కావాలనే ఆ రోజు దాకా ఆపాను.

కోతపండుగకి మా వాళ్ళు పండించినదాంట్లో మొదటిది చర్చికి తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. వడ్ల బస్తాలు, అరటిగెలలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, కొబ్బరికాయలు. ఆరాధన అయ్యాక వాటిని అక్కడే వేలం వేస్తారు. ఇరవై ఏళ్ళుగా వేలం పాట పాడించేది యెహెజ్కేలుగారే. మంచి గొంతు, మంచి హాస్యం. ఆ రోజు కూడా ఇస్త్రీ మడత నలగని తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు. నా వైపు మాత్రం చూడలేదు.

గెలలు అయ్యాయి, కోళ్ళు అయ్యాయి. బస్తాల వెనక గోడకి ఆనించి ఒక గోనెమూట మిగిలింది, మూతి పురికొసతో కట్టి ఉంది. పేరు చీటీ లేదు. “పేరు చెప్పుకోవడం ఇష్టంలేని విశ్వాసి ఎవరో ఇచ్చారండి. బరువుగానే ఉంది, పనసకాయేమో చూద్దాం” అని నవ్వుతూ పురికొస తెంపాడు. గోనె కిందకి జారింది. లోపల నా సైకిల్ ముందు చక్రం ఉంది. పోయిన వేసవిలో నేను టైరుకి వేయించిన ఆకుపచ్చ అతుకు నాకు అక్కడికే కనపడింది.

ఆయన మొహం చూడాల్సిందే. తన ఇంట్లో దాచిన వస్తువు తన చేతుల్లోకి ఎలా వచ్చిందో అర్థంకాక చక్రాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చర్చిలో కోళ్ళు తప్ప ఎవరూ మాట్లాడలేదు. పాస్టరుగారు మాత్రం ఆనందంతో ముందుకి వచ్చారు. “చూశావా రెబెక్కమ్మా, ప్రభువు నీ మొర విన్నాడు. దీన్ని ఎవరూ పాడకండి. ఎవరు తెచ్చారో అడగొద్దు. చక్రం చక్రం వాళ్ళకి చేరింది, అందరం సంతోషంగా భోజనాలకి లేద్దాం” అన్నారు.

నేను చక్రం తీసుకుని వెళ్ళిపోవచ్చు. మర్నాటి నుంచి తొమ్మిదికి ముందే చేరవచ్చు. కానీ ఈయన ఇంటికి పోయి కోడికూరతో భోంచేసి మధ్యాహ్నం కునుకు తీస్తాడు కదా అని తలచుకుంటే నా కడుపు మండిపోయింది. లేచాను.

“నంబరు చెప్తానన్నాను కదండీ. పదిహేడు.”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు యెహెజ్కేలుగారి చెయ్యి చొక్కా జేబు మీదకి పోయింది. నేను కవరు తీసి పాస్టరుగారి చేతిలో పెట్టాను. “చక్రం పోయిన రోజు తెల్లారి నా సైకిల్ కింద దొరికిందండి.”

మగవాళ్ళ వైపు నుంచి గుసగుసలు మొదలయ్యాయి. నాలుగు వారాలుగా నేను ఎదురుచూసిన చెమట యెహెజ్కేలుగారి నుదుటి మీద పట్టింది. కానీ ముప్ఫై ఏళ్ళు గుమస్తాగిరీ చేసిన బుర్ర కదా, ఆ చెమటలోనే దారి వెతుక్కుంది. చక్రాన్ని మెల్లగా కింద పెట్టి, రెండు చేతులూ జోడించి, “సంఘం నన్ను క్షమించాలి. కవరు మా ఇంటిదే. మా కోడలు చిన్నపిల్ల. టీచర్ ఉద్యోగం మీద ఆశకొద్దీ తెలియక చేసింది. నాకు తెలిసీ పరువు కోసం చెప్పలేకపోయాను. అమ్మా రెబెక్కా, దాని తరఫున నేను అడుగుతున్నాను, క్షమించు” అన్నాడు. గొంతు కూడా వణికించాడు.

అందరూ మెర్సీ వైపు తిరిగారు. నేనూ తిరిగాను. మెర్సీ తల దించుకుని కూర్చుని ఉంది, పక్కన పిల్లాడు. పండక్కి కట్టుకున్న తెల్ల చీర కుచ్చిళ్ళ మీద జానెడు నల్లటి గ్రీజు మరక ఉంది. చక్రాన్ని ఇంట్లోంచి మోసుకొచ్చింది ఎవరో అప్పుడు తెలిసింది నాకు. నెల రోజులు నేను ఎవరికోసం నూరిన కత్తి ఎవరి మెడ మీదకి పోయిందో కూడా తెలిసింది. పదిహేడు ఆ పిల్ల నంబరు కూడా. ఆ మాట నా బుర్రకి ఒక్కసారీ తట్టలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ అసహ్యం కూడా తీసుకెళ్ళి ఆయన లెక్కలోనే కలిపాను.

“యెహెజ్కేలుగారూ” అన్నాను. “చక్రం పోయింది మంగళవారం రాత్రి. ఆ సోమవారం నుంచి శనివారం దాకా మెర్సీ రాజమండ్రి ఆసుపత్రిలో పిల్లాడి మంచం పక్కన ఉంది. మీ అబ్బాయి కూడా అక్కడే ఉన్నాడు. ఆసుపత్రి ముద్రతో సెలవు చీటీ నా రికార్డులో ఉంది, సంతకం పెట్టింది నేనే. ఆ రాత్రి మీ ఇంట్లో ఉన్నది మీరొక్కరే కదండీ.”

అప్పుడు మెర్సీ లేచింది. ఎన్నడూ గొంతెత్తని పిల్ల.

“చక్రం ఇక్కడ పెట్టింది నేనేనండి. మా ఇంట్లో వడ్ల బస్తాల వెనక కనపడితే తెచ్చాను. తీసింది మాత్రం నేను కాదు” అని మళ్ళీ కూర్చుంది. ఆమె పక్కన కూర్చున్న అప్పాయమ్మ, మా స్త్రీల సమాజం పెద్ద, ఆ పిల్ల భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఆ తర్వాత యెహెజ్కేలుగారి ముఖం వైపు చూసినవాళ్ళు లేరు.

పాస్టరుగారు పాపం ఆయన పని ఆయన చేశారు. “జరిగిందేదో జరిగింది. పండుగ రోజు. ఇద్దరూ ముందుకి వచ్చి చేతులు కలపండి” అన్నారు.

“కలుపుతానండి” అన్నాను. “ముందు చక్రం బిగించమనండి. తీసినవాళ్ళకి బిగించడం కూడా వస్తుంది.”

చర్చి నుంచి మా ఇంటికి రెండు వీధులు. నేను ముందు, చక్రం మోసుకుంటూ ఆయన వెనక, ఆయన వెనక భోజనాలు మానుకుని సగం సంఘం. తెల్ల చొక్కాకి గ్రీజు అంటుకుంది. రోడ్డు మీద వడ్లు ఎండబెట్టుకుంటున్నవాళ్ళు లేచి నిలబడి చూశారు. ఎవరో “ఏంటండీ, సైకిల్ రిపేరా?” అని అడిగారు. “అవునండి, పెద్దాయన స్వయంగా చేస్తానన్నారు” అని నేను చెప్పాను. అబద్ధమాడినందుకు నాకేమీ బాధ కలగలేదు.

మా ఇంటి ముందు పానా ఆయన చేతికిచ్చాను. ఆయన మోకాళ్ళ మీద దిగాడు, అమ్మా అని మూలిగాడు. ఎవరూ చెయ్యి అందించలేదు. నేనూ అందించలేదు. చక్రం ఫోర్కులోకి ఎక్కించి, వాషరు వేసి, ఒక పక్క నట్టు తిప్పాడు, రెండో పక్క తిప్పాడు. పానా రెండుసార్లు జారింది. నేను పక్కనే నిలబడి, అందరూ వినేలా చెప్పాను.

“రేపటి నుంచి ఎనిమిదింటికి మీ గేటు దగ్గర ఆగుతానండి. మెర్సీ నా సైకిల్ వెనక కూర్చుని వస్తుంది. ఇంట్లో ఆ పిల్లని ఎవరైనా ఒక్క మాట అన్నారని తెలిస్తే, ఒక్క రోజు గేటు తెరుచుకోకపోతే, ఆదివారం మళ్ళీ మనవి రాస్తాను. ఈసారి నంబరు కాదు, పేరు రాస్తాను.”

ఆయన తల ఊపాడు. గుంపులో వెనక నిలబడ్డ మెర్సీ నా దగ్గరికి వచ్చి, “టీచర్‌గారూ, ముందే చెప్పాల్సింది. ధైర్యం చాల్లేదు” అంది. లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చుకుని తాగి, ఆమెకీ ఇచ్చాను.

యెహెజ్కేలుగారు పానా కింద పెట్టాడు. చెమట కళ్ళల్లోకి కారుతోంది. మోకాళ్ళ మీదే ఉండి, నా వైపు తల ఎత్తి, ఈసారి గొంతు వణికించకుండా అడిగాడు.

“అయిపోయిందమ్మా. ఇక క్షమించినట్టేనా?”

నేను హ్యాండిల్ పట్టుకుని సైకిల్ ముందుభాగం పైకి ఎత్తి చక్రాన్ని తిప్పాను. ఎక్కడా ఊగకుండా, ఎక్కడా రాసుకోకుండా చక్కగా తిరిగింది. నట్టు పట్టుకుని చూశాను. నా బలంతో కదిలేది కాదు.

“ఇంకా వదులుగానే ఉందండి” అన్నాను. “బిగించండి.”